సున్నంలో ఉడికిన చొప్ప

యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై, నంద్యాల ఆళ్లగడ్డ మధ్య మా ఇంటికి ఇల్లరికం వచ్చిన బావ నడిపే బస్సు బొగ్గు గ్యాసుతో కదిలేది. కదిలేది అనడం మర్యాద కోసమే. శిరివెళ్ల దగ్గర టిక్కెట్టు కొన్నవాళ్లంతా దిగి తోసేవాళ్లు. నేను ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. బావ ఎనిమిది దాకా పోయాడు. ఆ మూడు తరగతుల తేడా ఎంత ప్రమాదమో ఆ ఎండాకాలం తెలిసింది.

ఎవరో బస్సులో వదిలిపోయిన పత్రికలో బావ ఒక సంగతి చదివాడు. చొప్పను మెత్తగా ఉడికిస్తే లోపలి చక్కెర బయటికొస్తుందట, దాన్ని పులియబెట్టి కాస్తే బండి నడిపే సారా దిగుతుందట. పేజీ సగం చినిగి ఉంది. మిగతా సగం బావే పూరించుకున్నాడు.

మా పెరట్లో ఉన్నది ఒక్క జొన్నచొప్ప వామి. వానలు పడేదాకా మా పాడి ఎనుముకు అదే మేత. అది అయిపోతే ఎనుమును సంతకు తోలాల్సిందే. బావ ఆ వామి మీద చెయ్యేశాడు. మా అమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. ఆయన రెండడుగుల దూరంలో ఉన్నా తలుపు చాటు నుంచి నాతోనే చెప్పేది.

"మీ బావ ఏం చేస్తాండాడో అడుగు."

"చక్కెర తీస్తాండానని చెప్పు బామ్మర్దీ."

"మరి ఎనుము ఏం తినల్లనో అడుగు."

"ఎనుమును బస్సుకే కట్టుకో బావా, తోసేవాళ్లకు కాళ్లన్నా మిగుల్తాయి," అన్నాను. అది మాత్రం నా సొంత మాట.

బావ నాలుగు మోపులు నరికి, మెత్తబడాలని బేతంచెర్ల సున్నం కలిపిన నీళ్లలో పెద్ద అండాలో ఉడికించాడు. బావి అడుగంటింది కాబట్టి ఉడికిన చొప్పను కడగడం దండగన్నాడు. చల్లారాక పులియడానికి అందులో కల్లు మడ్డి పోసి మూతపెట్టాడు. ఐదు రోజులు అండాకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఒక్క బుడగ లేదు. ఆరో రోజు ఇంకో నాలుగు మోపులు లాగబోతుంటే అమ్మ తలుపు చాటు వదిలి పెరట్లోకి వచ్చింది.

"ఏమప్పా, కల్లు పులవకూడదంటే ముంతకు ఏం పూస్తారు?"

బావ తల దించుకున్నాడు. "సున్నం, అత్తా."

"నువ్వు పోసిందేంది?"

అక్క పెళ్లయిన ఆరేళ్లలో అత్త అల్లుడితో అన్న మొదటి మాటలవి.

ఆ చొప్పను బావా నేనూ వాగుకు మోసుకుపోయి, సున్నం పోయేదాకా మడుగులో కడిగి తెచ్చాం. గట్టి మొదళ్లను ఎప్పుడూ ముట్టని ఎనుము వాసన చూసి, తలెత్తకుండా అంతా తినేసింది. అమ్మ మళ్లీ తలుపు చాటుకు పోయింది.

"మిగతా వామి గూడా ఇట్లే ఉడకబెట్టమను మీ బావను."

మొదళ్లు గూడా మేతకే పోవడంతో వామి వానల దాకా వచ్చింది. ఎనుము సంతకు పోలేదు. బావ మాత్రం రోజూ బస్సు దిగి ముఖం కడుక్కోకముందే అండా కింద మంట పెట్టేవాడు.