బల్లకు ముందటి శనివారం

డిసెంబరులో ఆబిడ్స్ బేకరీల ముందు నడుస్తుంటే నానిన ఎండుద్రాక్షల వాసన, మాడీ మాడని చక్కెర వాసన కలిసి రోడ్డు మీదికి వస్తాయి. అందరికీ నోరూరుతుంది, నాకు ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు మేముండేది నాంపల్లి స్టేషను వెనక ఒక పాత కాంపౌండులో. చలికాలమంతా కమలాపండ్ల తొక్కలు ఒకరి కళ్లలోకి ఒకరం పిండుకుంటూ, మెట్ల మీద గోళీలాడుకుంటూ, ఎగ్జిబిషన్ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తూ ఉండేవాళ్లం. మధ్య గదిలో భర్త పోయిన రత్నమ్మ టీచరు ఒక్కతే ఉండేది. క్రిస్మస్‌కి వారం ముందు నుంచే ఆవిడ బాణలిలో గులాబీ పువ్వుల అచ్చు చుయ్యిమనేది, విరిగినవన్నీ పిల్లలం మాకే.

నెల మొదటి ఆదివారం చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసాన్ని ఆవిడ ‘బల్ల’ అనేది. ఎవరితోనైనా మనస్పర్థ ఉంచుకుని బల్ల తీసుకోకూడదట. అందుకని ముందురోజు సాయంత్రం తెల్లచీర కట్టుకుని కాంపౌండులో ప్రతి గడపా ఎక్కేది.

“నా మీద ఏమన్న మనసుల పెట్టుకున్నరా? ఉంటే జర ఇప్పుడే చెప్పున్రి, రేపు బల్ల తీస్కోవాలె.”

“మీ మీద మాకేం కోపాలండీ,” అని అమ్మ నవ్వేది.

నాన్నకీ, ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే పై వాటా నర్సింగరావుగారికీ మాత్రం నల్లా దగ్గర ఉప్పూ నిప్పూ. మేము కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా కుటుంబం కాబట్టి, నీళ్లతో మొదలైన తగువు ఊళ్లు తిట్టుకునేదాకా పోయేది. ఒక ఏడాది టీచరు వెదురుబద్దలతో పెద్ద నక్షత్రం కట్టి, నిచ్చెన తెప్పించి, ఇద్దర్నీ పిలిచింది.

“ఒకరు ఎక్కున్రి, ఒకరు పట్టున్రి. నాతోని ఏడైతది?”

నాన్న ఎక్కారు. నిచ్చెన పట్టుకున్నవాడితో మాట్లాడకుండా పైకెక్కడం ఎవరి తరం? ముక్తసరిగా మొదలైన మాటలు టీ దాకా వచ్చాయి, మరుసటేడికి ఆయన నాన్నకి బావగారైపోయారు.

కొన్నేళ్లకి వీధిలోని నలుగురు వచ్చి, హిందువులుండే మేడ మీద ఈ నక్షత్రమేంటని అడిగారు. బెదిరించనైనా లేదు, అడిగారంతే. బావలిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చి, నక్షత్రం దించడానికి అదే నిచ్చెన వేశారు. ఈసారి నర్సింగరావుగారు ఎక్కారు, నాన్న పట్టుకున్నారు.

“బావా, జర గట్టిగ పట్టు,” అని పైనుంచి ఆయన అంటుంటే టీచరు కింద నిలబడి చూసింది.

తర్వాతి బల్లకు ముందు శనివారం ఆవిడ మామూలుగానే మా తలుపు కొట్టింది. తియ్యొద్దని నాన్న చెయ్యి ఊపారు.

“నాకేం కోపం లేదు సార్. మీకే ఏమన్న ఉన్నదేమోనని,” అని తలుపుతో చెప్పి మెట్లెక్కింది. పైనా గొళ్లెం తియ్యలేదు.

ఆవిడ ఆ నెల బల్ల తీసుకోలేదు. అందరూ ముందుకు వెళుతుంటే వెనక బెంచీలో కూర్చుండిపోయిందని తోటి టీచరెవరో అమ్మకి చెప్పింది. తప్పు చేసింది మేము, పస్తు ఆవిడకి. ప్రతి నెలా వచ్చి తలుపు కొట్టేది, ప్రతి నెలా వెనక బెంచీలోనే కూర్చునేది. చివరికి అఫ్జల్‌గంజ్ వైపు ఎక్కడో గది కిరాయికి తీసుకుని వెళ్లిపోయింది. సామాను రిక్షా ఎక్కించే రోజునా మా తలుపు మూసే ఉంది.

ఇప్పుడా కాంపౌండు లేదు, లాడ్జి కట్టారు. గులాబీ పువ్వులు బేకరీలో ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతున్నారు. నాన్నా, నర్సింగరావుగారూ నేటికీ పండగకి ఫోన్లు చేసుకుంటారు. తమ కాంపౌండులో అందరూ ఎంత కలిసిమెలిసి ఉండేవారో మనవలకి కథలు కథలుగా చెబుతారు, ఎవరు కలిపారో మాత్రం చెప్పరు.

శనివారం సాయంత్రం తలుపు చప్పుడైతే, నాన్న కంటే ముందు నేనే వెళ్లి తీస్తాను. ఎప్పుడూ కొరియర్ వాళ్లే.