నడుమ పొక్క పడ్డ తాంబాలం

పాత సామాన్లతోటి కొత్త వస్తువులు ఎట్ల చేయాల్నని నెల రోజుల సంది ఫోన్ల వీడియోలు చూస్తాన. పోయిన వారం అమ్మ వర్ధన్నపేటల మా అక్క ఇంటికి పోయినప్పుడు, సజ్జ మీద దుమ్ము పట్టిన ఇత్తడి తాంబాలం కనపడ్డది. డ్రిల్లుతోటి నడుమ పొక్క పెట్టి, గడియారం ముండ్లు బిగించి, గోడ గడియారం చేసిన. మస్తు కుదిరింది. అమ్మ చూస్తే ఖుషీ అయితదనుకున్న.

ఇయ్యాల ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి దినం. అమ్మ పొద్దున్నే సంచి నిండ తంగేడు, గునుగు పువ్వు తీస్కొని అక్క ఊరికెల్లి వచ్చి బస్సు దిగింది. కాళ్లు కడుక్కొని, "తాంబాలం దించురా, బతుకమ్మ పేర్చాలె" అన్నది. నేను మురుసుకుంట గోడ దిక్కు చెయ్యి చూపిచ్చిన.

అమ్మ గడియారం దిక్కు చూసింది. "బతుకమ్మను గోడకు పేరుస్తరారా?"

"సజ్జ మీద ఊకెనే పడున్నది గదా అని చేసిన అమ్మా."

"పడి లేదురా. దాచిపెట్టిన. మా అమ్మ ఇచ్చింది."

చిన్నప్పటి సంది ఏటా బతుకమ్మకు దండం పెడుతున్న గని, పువ్వుల కింద ఏమున్నదో ఒక్కనాడు చూడలే.

సాయంత్రం అమ్మ స్టీలు పళ్లెంల బతుకమ్మను ఎత్తుకపోయింది. ఆడివచ్చి, సరిగ్గ ఆ గడియారం కిందనే కూసొని, "టైమెంతయిందిరా?" అని నన్ను అడిగింది.

ఆఖరు దినం సద్దుల బతుకమ్మ లోపట ఇత్తడి పొక్క పూడ్చి మాటేసేటోళ్లు హన్మకొండల ఎవరన్న ఎరుకుంటే జర చెప్పుర్రి.