నడి గోడకు నల్ల బండ

గదిలో చూపు నిలిచే చోటు లేక పరువు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. అలాంటి చోటు పెట్టి మరీ పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. కాస్త నిటారుగా కూర్చుని నవ్వండి. మాది పెద్దిల్లు.

పెద్దిల్లంటే ఇప్పుడు ఇల్లేమీ లేదు లెండి. ముత్తాత కట్టిన పన్నెండు స్తంభాల ఇల్లు తాత కాలంలో సగం, నాయన కాలంలో సగం చేతులు మారింది. ఓడలు బండ్లవుతాయంటారు. మా ఓడ పాత స్కూటరైంది. నాకు మిగిలినవి కర్నూలులో రెండు గదుల అద్దె ఇల్లు, కాలేజీలో గుమాస్తా ఉద్యోగం, వంగడం తెలియని మెడ.

ఆ మెడకు పెండ్లి కుదరడం లేదు. రెండు సంబంధాలవాళ్లు ఇల్లు చూడడానికి వచ్చి, మా ముందు గదిలో గడియారం తప్ప చూడడానికేమీ లేక, దాన్నే చూసి "బస్సుకు టైమైంది" అంటూ లేచిపోయారు. మూడోది రాజంపేట సంబంధం. అమ్మాయి లలిత. చూడబోయిన రోజు నా మాటలకు మూడుసార్లు నవ్వింది. అందులో రెండుసార్లు నేను హాస్యమాడలేదు. అయినా ఈ సంబంధం తప్పిపోకూడదని మంత్రాలయం స్వామికి మొక్కుకున్నాను. వాళ్ల నాయన, జేజి ఆదివారం ఇల్లు చూడడానికి వస్తామన్నారు.

ఫోన్‌లో ఇంటి అలంకరణ పాఠం ఒకటి కనబడింది. గదిలోకి అడుగుపెట్టగానే చూపు ఒకచోట ఆగాలట. ఆ వస్తువు పెద్దదిగా ఉండాలి, పైనుంచి దానిమీద దీపం వెలుగు పడాలి, రెండు పక్కలా జోడు కుండీలు ఉండాలి, కుర్చీలన్నీ దానివైపే తిరగాలి. మా ఇంట్లో అంత పెద్ద వస్తువేముంది? వంశం ఉంది!

మరుసటి రోజే బేతంచెర్ల రైలెక్కాను. బండలు చెక్కే ఖాసీం సాహెబు ముందు కాగితం పెట్టాను: ముత్తాత, తాత, నాయన, చివరన చంద్రమౌళి, అంటే నేను.

"పుట్టిన సంవత్సరాలు వేయాల్నా సార్?"

"తప్పకుండా."

"చుట్టూ పూలతీగ, పైన దీపం బొమ్మ. అందరికీ ఇదే ఏస్తాం. ఇంతవరకూ ఒక్కరు గూడా వచ్చి బాగలేదన్ల్యా."

వాళ్లెందుకు రాలేదో ఆలోచించే తెలివి నాకు లేకపోయింది.

"వెనకపక్క పాలిష్ వద్దు కదా సార్? యాడ కనపడతాది?"

"పెద్దింటివాళ్లకు వెనకవైపు కూడా మెరవాలి," అన్నాను మెడ ఇంకో అంగుళం పెంచి.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నల్ల బండ నలుగురి భుజాల మీద ఇంట్లోకి వచ్చింది. అమ్మ నోట కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందిరా ఇది? బండను పరుచుకుంటారు గానీ నిలబెట్టుకుంటారా ఎవరన్నా? వంటింట్లో గట్టు కట్టీరా అంటే ఇనవు. ఆడ గ్యాసు పొయ్యి స్టూలు మీద ఊగుతాండాది!"

"అమ్మా, ఇది చూపు నిలిచే చోటు."

"చూపు కాదు, గుండె నిల్చిపోతాది."

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గోడకు బండ నిలబెట్టి చూడు అనడం మరిచిపోయారు. ఇనుప పట్టీలతో బిగించాను. దీపం పెట్టాను. కుండీల నిండా బంతిపూలు. పాఠంలో ఒక్క అక్షరం తప్పలేదు.

ఆదివారం లలిత నాయన, పెద్దాయన సుబ్బరామయ్య గడప దాటాడు, ఆగాడు, వెనక్కి వెళ్లి చెప్పులు వీధిలో విడిచి వచ్చాడు. ఆయన తల్లి నాగమ్మ జేజి ఏమీ అడగలేదు. మాకోసం తెచ్చిన అరటిపండ్లలో రెండు తుంచి బండ ముందు పెట్టి, కండ్లు మూసుకుని దండం పెట్టింది.

"మీ నాయన యాపొద్దు పోయినాడు నాయనా?"

"పోయి పదేండ్లయిందమ్మా."

"ఈడ కింద చంద్రమౌళి అని ఉండాదే, ఎవురు పాపం?"

"నేనే."

సుబ్బరామయ్య కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికి వెళ్లాడు. నా పుట్టిన సంవత్సరం, పక్కన గీత, గీత తర్వాత జానెడు ఖాళీ. ఆ ఖాళీని నేనూ అప్పుడే చూశాను. ఖాసీం సాహెబు ముందుచూపు గలవాడు!

"ముందరే చెక్కిచ్చిపెట్టుకున్యాడు. శానా జాగ్రత్త గల పిల్లోడు," అంది జేజి.

"నువ్వుండుమ్మా," అని పెద్దాయన నావైపు తిరిగాడు. "ఏమప్పా, డాక్టరు ఏమన్నా చెప్పినాడా? ఒంట్లో బాగలేకపోతే మాకు చెప్పాల గదా? ఆడబిడ్డ నాయినను నేను!"

"ఇది... అలంకారమండీ."

"సమాధి బండ అలంకారమా!"

అమ్మ వంటింటి తలుపు వెనక ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో భుజాలు మాత్రం ఊగుతున్నాయి. పెద్దాయన ఫోన్ తీసి కూతురికి బండను చూపించాడు. "సూడమ్మా, ఈ ఇంట్లోనా నిన్నిచ్చేది?"

ఫోన్‌లోంచి ముందు నవ్వు వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఈసారీ నేను హాస్యమాడలేదు. తర్వాత మాట వచ్చింది.

"నాయనా, వాళ్లింట్లో పొయ్యికి గట్టు లేదని నన్ను చూడొచ్చిన పొద్దు అత్తమ్మ చెప్పిండ్లా? ఆ బండ సరిగ్గా సరిపోతాది. పేర్లు కిందికి తిప్పి వేస్తే ఆయప్ప ఒప్పుకుంటాడేమో అడుగు."

నాలుగు తరాలు తలకిందులుగా! మీద పప్పు కుక్కరు! మెడ పట్టేసింది.

"ఏమప్పా, ఒప్పుకుంటావా?"

"వెనకవైపు కూడా పాలిష్ చేయించానండీ," అన్నాను. నా వంశంలో అంతకు మించి వంగి మాట్లాడినవాడు లేడు.

ఇప్పుడా బండ మా వంటింటి గట్టు. ఇంటికొచ్చినవాళ్ల చూపు ముందు గదిలో ఎక్కడా నిలవదు, ఉగ్గాని వాసన వెంట నేరుగా అక్కడికే పోతుంది. సిలిండర్ మార్చడానికి గట్టు కిందికి వంగినప్పుడల్లా నా పేరు తలకిందులుగా పలకరిస్తుంది. గీత పక్క ఖాళీలో లలిత సుద్దముక్కతో మా పెండ్లయిన సంవత్సరం రాసింది. తుడిచేద్దామని ఒకసారి గుడ్డ తీసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉందనిపించి వదిలేశాను.

కాబట్టి పెద్దింటి చంద్రమౌళి అనే నేను, నాలుగు తరాలు కింద, కుక్కరు పైన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక బతికినన్నాళ్లూ క్యాలెండరు మేకు తప్ప మరేదీ గోడకు కొట్టను. ఆ మేకైనా లలిత చూపిన చోటే.