పెళ్లికొడుకు లాగిన్

ఆ రోజుల్లో ఆఫీసులో ఎవరైనా ఊరికే టీ తాగిస్తే, ఎందుకు తాగిస్తున్నాడా అని అది చల్లారేదాకా ఆలోచించేవాణ్ణి. ఉద్యోగం పర్మనెంట్ కాని మనిషికి లోకమంతా అలాగే కనబడుతుంది. అమీర్‌పేటలో కోర్సు చేసి, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో చేరాను. పిల్లల పాఠాలకు బొమ్మలు, మాటలు, వీడియోలు కలిపి పెద్ద యాప్ తయారుచేస్తున్నాం. ముగ్గురం ట్రయినీలం. యాప్ పూర్తయ్యాక ఒక్కరినే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఒక్కడూ నేనే కావాలి, లేకపోతే ఇంట్లో మొహం చూపించలేను.

అప్పటిదాకా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే చేతులు మారేవి. ఒకరి పని మీద ఇంకొకరి పని పడి, కుందేలు పాఠంలో ఏనుగు ఘీంకరించేది. విసిగిపోయి మేనేజర్ సారు కొత్త టూల్ పెట్టారు. "ఇగ ప్రతి ఫైలు గిందులనే. ఎవరు ఏం మార్చిండ్రో పేరుతోని సహా ఉంటది" అన్నారు. రెండో ట్రయినీ విజయవాడ అక్క (బొమ్మలన్నీ ఆవిడే వేసేది) గొంతు తగ్గించి, "ఏంటిది, సీసీ కెమెరానా? మన తప్పులన్నీ ఏరి ఇంటికి పంపించడానికే కదూ?" అంది. నాకూ అదే తోచింది.

మూడోవాడు సిరిసిల్ల తమ్ముడు తన పెళ్లికని సెలవు పెట్టి ఊరికి పోయాడు. వాడి పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కే అంటించి ఉంది. "ఆని పేరు మీద చేద్దాం అక్కా. తప్పు పడితే పెళ్లికొడుకును ఎవరు తిడ్తరు?" అన్నాను (నా తెలివికి నేనే మురిసిపోయాను). మిగిలిన పనంతా ఇద్దరం వాడి లాగిన్‌తోనే ఎక్కించాం.

యాప్ అయిపోయాక సారు రికార్డు తెరిచారు. "పిల్లగాడు పెళ్లిపీటల మీదికెళ్లి సుత పని చేసిండు. మీరిద్దరు ఈడ కూసొని ఏం చేసిండ్రు?" అన్నారు. నిజం చెబితే, పక్కవాడి పాస్‌వర్డ్ వాడినందుకు అప్పుడే బయటికి. నోరు మూసుకున్నాం. పర్మనెంట్ వాడికే అయింది.

వాడు లడ్డూల డబ్బాతో వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. "నేను లేనప్పుడు నా పేరు మీద పని చేసిపెట్టిండ్రు. సొంత అన్న సుత గిట్ల చెయ్యడన్నా" అన్నాడు, కళ్లలో నీళ్లతో. లడ్డూ నోట్లో పెట్టుకుని తలూపాను.

ఇన్నేళ్లయినా వాడి నమ్మకం చెక్కు చెదరలేదు. మొన్న వాడింటికి పోతే తన కూతురికి నన్ను చూపించి, "పెద్దనాయన, మస్తు మంచోడు" అన్నాడు. ఆ పిల్ల నన్ను కింది నుంచి పైదాకా అనుమానంగా చూసి, తండ్రి వెనక దాక్కుంది. ఆ ఇంట్లో నన్ను సరిగ్గా పోల్చుకున్నది అదొక్కతే అనిపించి, మస్తు ముద్దొచ్చింది.