గ్లౌజుల్లో చుట్టిన నీళ్ల సీసా

ఈమధ్య పెళ్లి భోజనాల్లో నాకు ఒక్కటే బాధ. విస్తరి పక్కన గ్లాసు పెట్టి, జగ్గు పట్టుకుని ఓ మనిషి వరసల వెంట తిరిగే రోజులు పోయి, అరచెయ్యంత ప్లాస్టిక్ సీసా ఒకటి నిలబెడుతున్నారు. దాని మూత తిప్పడానికి కావలసిన వేలిబలం నాకు ఉద్యోగ విరమణతోనే పోయింది. పప్పు కలిపిన చేత్తో పట్టుకుంటే జారుతుంది, ఎడంచేత్తో తిప్పితే సీసా తిరుగుతుంది గానీ మూత తిరగదు, పళ్లతో ప్రయత్నించే ధైర్యం ఉంది గానీ పళ్లు పెట్టుడువి. మొన్న టెక్కలిలో మా తోటికోడలి మనవరాలి పెళ్లిలో, మజ్జిగ వచ్చేదాకా ఓర్చుకుందామని నిశ్చయించుకుని కూర్చున్నాను. ఇంతలో పక్క కుర్చీలోంచి ఓ పొడుగాటి చెయ్యి వచ్చి, సీసా అందుకుని, ఒక్క తిప్పు తిప్పి, మూత తీసి నా ముందు పెట్టింది. ముఖం చూడకముందే ఆ చెయ్యి ఎవరిదో తెలిసిపోయింది, ఎందుకంటే దాని చిటికెన వేలు కొంచెం వంకర, ఆ వేలు వంకర పోయిన రోజున నేనక్కడే ఉన్నాను.

పదేళ్ల పైమాట. అప్పట్లో నేను టెక్కలిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, సంతబొమ్మాళి అవతల సముద్రపొడ్డున ఓ బడిలో ఆటల మాస్టారు. ఆ బడికి వచ్చిన సామానులో బ్యాట్లూ వికెట్లూ మగపిల్లలు పట్టుకుపోగా ఒక్క ఫుట్‌బాలు మిగిలింది, దాంతో ఆడపిల్లలకో క్లబ్బు పెట్టాడు. క్లబ్బు అంటే మన తరానికి పేకాటే గుర్తొస్తుంది కదా, ఆ ఊళ్లోనూ అలాగే అనుకుని తల్లులు కొంగులు బిగించి బడి మీదకి వచ్చారట. బంతి చూపించాక శాంతించారు.

ఆటస్థలం సరుగుడు తోటకీ ఇసకతిన్నెకీ మధ్య. గోలుస్తంభాలు సరుగుడు కర్రలే. వాటికి కట్టిన వల మాత్రం అసలైనది, గోలు దగ్గర కాపలాకి గోలీగా నిలబడే పిల్ల తాత సముద్రంలో వాడి వాడి ఇక చేపకి పనికిరాదనుకున్నాక, చిరుగులు కుట్టి ఇచ్చాడు. ఆ పిల్ల గోలీ కావడం వెనక కూడా పెద్ద ప్రతిభాన్వేషణ ఏమీ లేదు. సాధనకి రోజూ అందరికన్నా ఆలస్యంగా వచ్చేది, ఎవరికీ అక్కర్లేని ఆ చోటు ఆఖరున వచ్చినవాళ్లకి దక్కేది, అంతే. ఎందుకు ఆలస్యమంటే, ఆ పిల్ల తండ్రికి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఈ మాట చెప్పాక ఇంక వివరం అక్కర్లేదు, ఇంటింటా ఎవరో ఒకరున్నారు. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మిషను మీద పడుకోవాలి. తాత వేటకి, తల్లి చేపల గంపతో టెక్కలికి పోతే, తండ్రిని బస్సెక్కించి తీసుకెళ్లి తీసుకొచ్చే పని ఆ పిల్లది. నాన్నని మంచం మీద పడుకోబెట్టి, బట్టలు మార్చుకుని, పరిగెత్తుకుంటూ వచ్చి ఆ కర్రల మధ్య నిలబడేది.

టెక్కలి జట్టు మొదటిసారి ఆ ఊరికి ఆడడానికి వచ్చిన రోజు నేనూ వెళ్లాను. పడవలు ఒడ్డుకి లాగేసి ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. ఆట మొదలైన కాసేపటికే టెక్కలి పిల్ల కొట్టిన బంతి మన గోలీని దాటుకుని వలలో పడింది. అంతే, ఒడ్డంతా ఒక్క కేక, ఈలలు, తువ్వాళ్లు గాల్లో ఎగరేయడం! అందరికన్నా ఎత్తుకి ఎగిరింది గోలీ తాత. వల ఖాళీగా ఉంటే సంతోషించాలని ఆ జాతికి తాతల నాటి నుంచి ఎవరూ చెప్పలేదు మరి. పిల్ల ఏడుస్తూ కూర్చుండిపోతే, మా తమ్ముడు విరామంలో తాత పక్కన చేరి నియమాలన్నీ ఓపిగ్గా వివరించాడు. ఆయన అంతా విని, వలకేసి జాలిగా చూసి అన్నాడు.

"అయితే మాస్టరు బాబూ, ఇది సేప పడకుండా కాపలా కాసీ వలన్నమాట. ఇలాటి వల నా జన్మలో సూడనేదు."

అలా మొదలైన జట్టు జిల్లాలో గెలిచింది, తర్వాత రాష్ట్రంలో కూడా గెలిచింది. నిజం చెప్పాలంటే ఎదుటివాళ్లు పచ్చికలో నేర్చుకున్నారు, మనవాళ్లు కాలు దిగబడే ఇసకలో నేర్చుకున్నారు, గట్టినేల మీదకి వచ్చేసరికి వీళ్లకి రెక్కలొచ్చినట్టుండేది. ఆడపిల్లల ఆటలకి సాయం చేసే సంస్థ ఒకటి వీళ్లని చూసి, స్వీడన్‌లో పిల్లల పోటీలకి పంపుతామంది. జట్టుతో ఓ ఆడమనిషి ఉండాలన్నారు. మా బంధువర్గం మొత్తంలో పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే, అదీ నేపాల్ యాత్రకి కావాలని మా ఆయన పట్టుబట్టి తీయించింది. నేపాల్‌కి అది అక్కర్లేదని అక్కడికి వెళ్లాక తెలిసింది. స్వీడన్ నాకు కొత్తేమీ కాదు, అప్పటికి ఎన్నో ఏళ్లుగా గోడమీది పటంలో బెత్తం చివరతో రోజూ వెళ్లి వస్తున్నాను.

అంతా కుదిరాక గోలీ పిల్ల రానంది. మా తమ్ముడూ నేనూ వాళ్లింటికి వెళ్లాం. తండ్రి వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు, తాత వల బాగుచేస్తున్నాడు, పిల్ల గుమ్మానికి ఆనుకుని ఎవరి వైపూ చూడకుండా నిలబడింది.

"దానికి బదులు ఇంకో గుంటని నిలబెట్టుకోండి మాస్టరు బాబూ. ఆ కర్రల మద్దిన ఎవులు నిలబడ్డా ఒకటే కదేటి" అన్నాడు తాత. పిల్ల తాత వైపు చూసిన చూపుకి ఆయన తల దించుకుని ముడి వెయ్యడంలో పడ్డాడు.

"నువ్వెల్లు" అన్నాడు తండ్రి.

"నానెల్తే నిన్ను పలాస ఎవులు తీసుకెల్తారు?"

"మీ తాత తీసుకెల్తాడు."

"మరి సముద్రంలో నా సేపల ఏటో?" అన్నాడు తాత.

"పది రోజులు సేపలు కూడా బతుకుతాయి, బతకనీ."

పిల్ల నవ్వలేదు. "మరి నువ్వు?" అంది.

"నానెక్కడికెల్తానే. నువ్వొచ్చీదాక ఇక్కడే ఉంటాను."

హాస్యమాడడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు, కాబట్టి అది హాస్యమేనని గుర్తుపట్టాను. కానీ ఎక్కడ నవ్వాలో మాత్రం తెలియలేదు. మా తమ్ముడు చెప్పులు వేసుకుని ముందుకి నడిచాడు.

విమానం సంగతులు చెప్పను, మన వయసు వాళ్లందరం ఏదో ఒక పెళ్లికో పురిటికో ఎక్కి, బెల్టు పెట్టుకోలేక పక్కవాళ్ల చేత పెట్టించుకున్నవాళ్లమే. నేను చేతిసంచీలో పెట్టుకున్న ఆవకాయ సీసాని విమానాశ్రయంలో తీసేసుకున్నారని మాత్రం రాసి, ముందుకి వెళతాను.

అక్కడ మొదటి ఆట ఓడిపోయాం. చలికి కాదు, ఎదుటివాళ్ల పొడుగుకీ కాదు, దాహానికి. మాతో తెచ్చుకున్న నీళ్ల సీసాలు రెండో రోజుకే అయిపోయాయి. మైదానం పక్కనే కుళాయి ఉంది, ధారగా వస్తోంది, పిల్లలు ఒక్కరూ దాని దగ్గరకి పోలేదు. పుట్టినప్పటి నుంచీ తల్లులు చెప్పిన మాట ఒక్కటే, నేలలోంచి వచ్చే నీళ్లు నమ్మకండి, కొనుక్కొచ్చే టిన్ను నీళ్లే తాగండి అని. మా వాళ్లకి వచ్చిన కిడ్నీ జబ్బు దేనివల్లో పెద్ద పెద్ద వాళ్లు ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు గానీ, తల్లులు పరిశోధన పూర్తయ్యేదాకా ఆగరు కదా. మా కెప్టెను, పలాస జీడి బట్టీలో పనిచేసే వాళ్లమ్మాయి, తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో వాటర్ టిన్ను ఎక్కడ దొరుకుతుందని అడిగితే, మాకు సాయంగా వేసిన అక్కడి ఆవిడకి అర్థం కాలేదు. చివరికి నేను కలగజేసుకుని చెప్పాక, ఆవిడ ఆశ్చర్యపోయి, వంగి, ఆ కుళాయికి నోరు పెట్టి గటగటా తాగి, మూతి తుడుచుకుని నవ్వింది. మా పిల్లలు నవ్వలేదు. అందరూ గుండ్రంగా చేరి, ఆవిడకేమవుతుందోనని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

ఏమీ కాలేదు. ముందు గోలీ పిల్లే వెళ్లి దోసిలి పట్టింది. తాగి, మళ్లీ పట్టి, ఆ నీళ్లకేసి చూస్తూ నన్నడిగింది. "మేడమ్గోరూ, ఈ ఊర్లో మిసను మీద పడుకోడానికి ఎంతమంది ఎల్తారు?" ఇరవై ఏళ్లు ఆ దేశపు పంటలూ ఖనిజాలూ బోర్డు మీద రాసి బట్టీ పట్టించిన నేను, వంగి ఆ కుళాయి కింద దోసిలి పట్టాను.

ఆ తర్వాత రెండు ఆటలు గెలిచాం. రోజూ ఆటయ్యాక ఇంటికి ఫోను. తండ్రి రెండు మాటలు మాట్లాడి ఆయాసపడి తాతకిచ్చేవాడు. తాత అడిగేది ఎప్పుడూ ఒక్కటే, వలలో ఏటైనా పడిందా అని. లేదు తాతా అంటే ముందు అలవాటుగా అయ్యో అనేసి, తర్వాత గుర్తొచ్చి, మంచిదే మంచిదే అనేవాడు. గెలిస్తే సెమీఫైనలు చేరే ఆటకి ముందు మాత్రం ఎన్నిసార్లు చేసినా ఫోను ఎవరూ తీయలేదు. ఆ పిల్ల ఫోను నా చేతిలో పెట్టి, మోగితే కేకెయ్యమని చెప్పి వెళ్లి నిలబడింది. ఆట సాగినంతసేపూ బంతి దూరంగా ఉన్నప్పుడల్లా నా వైపు చూసేది. బంతి దగ్గరికొస్తే మాత్రం ఎవరి వైపూ చూడలేదు. వేలు వంకర పోయింది అప్పుడే, ఓ తెల్లపిల్ల బూటు కింద. బంతి వదల్లేదు. అయినా చివర్లో ఒక గోలు పడింది, ఓడిపోయాం. మైదానమంతా ఎదుటివాళ్ల కేరింతలు. ఫోను మోగలేదు.

ఆ సాయంత్రం పిల్ల తల్లి ఫోను చేసింది. అంతా బాగానే ఉందని చెప్పింది, చార్జింగు అయిపోయిందంది. బాగానే ఉందన్న మాట ఎలా ఉంటే బాగాలేనట్టో మనకి తెలుసు, ఆ పిల్లకీ తెలుసు. ఆ మర్నాడు సామాన్లు సర్దుతుంటే చూశాను, తన గ్లౌజులు రెంటిలో చుట్టి ఓ సీసా సంచీలో పెడుతోంది. మైదానం కుళాయి నీళ్లు, మూతి దాకా నింపింది. మిగతా పిల్లలు చాక్లెట్లు కొన్నారు. నేను ఏదో అనబోయి, చేతిసంచీలో పెట్టకు, నా ఆవకాయలాగే తీసేసుకుంటారు, పెద్ద పెట్టెలో పెట్టు అని మాత్రం చెప్పాను.

విశాఖ నుంచి రైల్లో పలాస వచ్చాం. జీడిపప్పు వేగే వాసన మనిషికన్నా ముందు ఎదురొచ్చే స్టేషను అది. తండ్రి వస్తానన్నాడు గానీ ప్లాట్‌ఫారం మీద తాత ఒక్కడే ఉన్నాడు. మనవరాలి చేతిలో పెట్టె లాక్కుని, ముఖం చూడకుండా అన్నాడు.

"మీ నాన్న ఆస్పట్లో ఉన్నాడు. ఉన్నాడులే, ఉన్నాడు."

మిగతా పిల్లల్ని మా తమ్ముడికి అప్పగించి, మేం ముగ్గురం ఆటో ఎక్కి ఆస్పత్రికి బయల్దేరాం. ఇప్పుడు ఆ దారిలో వెళితే ఏదీ గుర్తుపట్టలేను. ఎక్కడి నుంచో ఏటి నీళ్లు గొట్టాల్లో తెచ్చి ఉద్దానం ఊళ్లకి కుళాయిలు పెట్టారు, ఆస్పత్రులు పెద్దవయ్యాయి. కుళాయిలు వచ్చినా బెంగ పూర్తిగా పోలేదు, ఇప్పటికీ కొందరు తల్లులు బిడ్డకి గ్లాసు ఇచ్చేముందు వెలుతురుకి ఎత్తి చూస్తారు. ఆ జట్టులో మా కెప్టెను నందిగాంలో ఆటల టీచరు, గోలీ పిల్లకి ఆటల కోటాలో ఉద్యోగం, సెలవులకి వచ్చి అదే ఒడ్డున చిన్నపిల్లలకి నేర్పుతుంది. గోలుస్తంభాలు ఇనపవి, వల కొట్లో కొన్నది. ఈమధ్య ఓ ఆట చూడ్డానికి వెళ్లాను. మన వలలో బంతి పడితే ఒడ్డంతా నిశ్శబ్దం, జనానికి నియమాలన్నీ వచ్చేశాయి. వల నిండితే చాలు, ఎవరిదైనా ఎగిరి గంతేసిన ఆ మనుషులు ఇప్పుడు లేరు. తాత లేడు. ఆ తండ్రి కూడా, కుళాయి తమ వీధికి వచ్చేదాకా ఆగలేదు, ఆ మరుసటి ఏడు వానలు పట్టే ముందే వెళ్లిపోయాడు.

ఆ రోజు మాత్రం ఉన్నాడు. మంచం మీద దిండుకి ఆనుకుని, కాళ్లు పొంగి, మనిషి సగమై ఉన్నాడు. కూతుర్ని చూసి ఊపిరి కూడదీసుకున్నాడు.

"నానెక్కడికీ ఎల్నేదు, సూసేవా?" అన్నాడు.

పిల్ల పెట్టె తెరిచి, గ్లౌజులు విప్పి, సీసా తీసింది. అలాంటి రోగులకి నీళ్లు కొలిచి ఇస్తారు, ఎంత దాహమైనా అంతే. నర్సుని అడిగితే రెండు గుక్కలంది. పిల్ల గ్లాసులో రెండు గుక్కలే పోసింది. వంకర వేలికి ఇంకా కట్టుంది.

"ఆడ కొళాయిలో పట్టేను నాన్నా. సంటిపిల్లలు కూడా అయ్యే తాగుతారు. ఎవులికీ ఏటీ అవదు."

ఆయన గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, ఒక గుక్క తీసుకుని, వెంటనే మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. తాత ముందుకి వంగి ఎలాగుందని అడిగాడు. ఆయన మింగాడు. రెండో గుక్క గ్లాసులోనే ఉంది. మా ముగ్గురి వైపూ చూశాడు, చివరికి కూతురి వైపు.

"మంచినీల్ల కోసం అంత దూరం ఎల్లాలేటే?"