వెలకట్టడానికి వచ్చిన అతిథి

ఈ ఉదయం కోసాడ్‌లో నేను అద్దెకుంటున్న గది పక్క వాటాను ఎవరో కొలిచారు. కొలత టేపు వెనక్కి చుట్టుకుపోతూ చేసే ఆ టప్పుమన్న చప్పుడుకి నా చేతిలో జపమాల ఆగిపోయింది. కరోనా రెండో ఏడు మా సొంత ఇంటికి వెలకట్టడానికి ఒక మనిషి వచ్చిన రోజు కళ్ళముందు నిలిచింది.

అప్పటికి మావారూ నేనూ విడాకులకు ఒప్పుకున్నాం. ముప్పై ఏళ్ళ కాపురం తర్వాత విడిపోవడమేమిటని మీరనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆయన వేరే చోట ఉంటూ కాగితాలు పంపేవారు, నేను సంతకాలు పెట్టి తిరిగి పంపేదాన్ని. ఇల్లు ఇద్దరి పేరా ఉంది. వచ్చే మనిషి ఎంత ధర రాస్తే అందులో సగం ఆయనకిచ్చి నేను అక్కడే ఉండిపోవచ్చు, ఇవ్వలేకపోతే అమ్మేయాలి. ఆ ఇంటి ముందుగదిలోనే ప్రతి శనివారం, గుజరాత్‌కు వలసొచ్చిన మా తెలుగు నేతవాళ్ళ ఆడవాళ్ళంతా చేరి భజన చేసేవాళ్ళం, నేను పురాణం చదివి అర్థం చెప్పేదాన్ని. పక్కింటి మరమగ్గాల అదురుకు గోడలు పగిలి, భజన మధ్యలో పెచ్చులు రాలితే దులుపుకుని మళ్ళీ పాట అందుకునేవాళ్ళం.

బార్డోలీలో ఉండే తమ్ముడు ఫోన్ చేసి మరీ చెప్పాడు. "అక్కా, ఇల్లు గట్లనే ఉండనియ్యి. ఊడ్వకు, తుడ్వకు. గోడలు పలిగినయి గిట్ల కనవడాలె. ధర తక్కువ రాస్తెనే నీ దగ్గరున్న పైసలు బావకు సరిపోతయ్." అలాగేనన్నాను.

కానీ ఏడాదిగా ఆ గడప ఎవరూ తొక్కలేదు. భజన ఆగిపోయింది, మగ్గాలూ ఆగిపోయాయి, దీపం దగ్గర పాడుకుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించేది. ఇంటికొచ్చిన మనిషిలో దేవుణ్ణి చూడమని ఎన్ని శనివారాలు చెప్పి ఉంటానో. ముందురోజు, గడప ఒక్కటీ కడుగుదామని మొదలుపెట్టాను; దానికి పసుపు రాశాక పక్కన గోడ వెలవెలబోయింది; డబ్బాలో మిగిలిన పుట్టీతో పగుళ్ళు పూడ్చి, సున్నం వేసి, సాయంత్రానికి ముగ్గు కూడా పెట్టేశాను.

వచ్చినాయన గుజరాతీ, మా తమ్ముడి కన్నా చిన్నవాడు. బూట్లు బయటే విప్పి, దేవుడి పటాలకు తగలకుండా టేపు ఎత్తిపట్టుకుని ఒక్కో గదీ కొలిచాడు. చాయ్ ఇస్తే మొహమాటపడుతూ మాస్కు గడ్డం కిందికి జరిపాడు. ఏడాదిలో మా ఇంట్లో నేను చూసిన మొదటి నిండు ముఖం అది. ఈ వీధిలో ఇంత బాగా ఉంచుకున్న ఇల్లు చూడలేదు మాసీ అని హిందీలో అంటే, మురిసిపోయి ఇంకో కప్పు పోశాను.

ఆ మాటే కాగితం మీదా రాశాడు. ధర నాకు అందనంత ఎత్తున ఉంది. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను.

"దేవునికే చాయ్ పోసినవా ఏంది అక్కా?" అన్నాడు.

అవునన్నాను.

ఇల్లు అమ్ముడుపోయింది. ఇప్పుడు మా భజన ఫోన్లోనే. తెర మీద చిన్న చిన్న గడుల్లో ముఖాలు, పాట ఒకరిది ముందు, ఒకరిది వెనక, ఎవరి గడప ఎలా ఉందో ఎవరికీ పట్టదు. ఆ రోజు చేసింది తప్పేనని తమ్ముడు ఇప్పటికీ అంటాడు, కావచ్చు, కానీ దేవుడి ముందు కూర్చున్నప్పుడు దానికి క్షమాపణ అడగాలని నాకు ఒక్కసారీ తోచలేదు. ఇల్లు పోయినందుకు కన్నా, శనివారం పొద్దెక్కేసరికి ఎవరో వస్తారని గడప కడుక్కునే ఆ తొందర పోయినందుకే ప్రాణం ఉసూరుమంటుంది.