నేను ‘యెస్’ అన్న ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. పెళ్లయి రాజమండ్రి నుంచి డబ్లిన్ వచ్చిన కొత్త. మా ఆయన పొద్దున్నే హాస్పిటల్ డ్యూటీకి వెళ్లిపోతే, ఫ్లాట్లో నేనూ, హీటరు చప్పుడూ మిగిలేవాళ్లం. మా ఊళ్లో కాలేజీ ఆఫీసులో పిల్లల్ని హడలగొట్టినదాన్ని, ఇక్కడ పక్కింటావిడ ‘హలో’ అంటే తలుపు చాటుకి వెళ్లిపోయేదాన్ని. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా జవాబు లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే మాట్లాడటమే మర్చిపోతానేమోనని నిజంగానే బెంగ పట్టుకుంది.

ఒకరోజు ఫోను మోగింది. అవతల ఒకావిడ గబగబా ఏదేదో అడిగింది. ‘జాబ్’ అన్న మాటా, చివర్లో చెప్పిన అడ్రసూ తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఏమడిగినా ‘యెస్’ అన్నాను. (కాదంటే ఎక్కడ ఫోను పెట్టేస్తుందోనని.) సాయంత్రం మా ఆయన అడిగారు, “ఇంతకీ ఏం పనంట?” “ఆఫీసు పనేనండి” అన్నాను, అదే నిజమైతే బాగుండునని.

మర్నాడు ఇస్త్రీ చుడీదార్ వేసుకుని బస్సు దిగి వెళ్తే, పెద్ద ఇనప గేటు, లోపల్నుంచి రకరకాల గొంతులతో మొరుగుళ్లు. ఊళ్లకెళ్లేవాళ్లు తమ కుక్కల్ని వదిలివెళ్లే చోటది. చిన్నప్పుడు కుక్క తరిమితే పుస్తకాల సంచీతో సహా కాలవలో దూకినదాన్ని నేను. వెనక్కి తిరిగాను. ఆ ఖాళీ ఫ్లాట్ కళ్లముందు కనబడి ఆగిపోయాను. అంతలో ఓనరమ్మ గేటు తీసేసింది.

“కుక్కలంటే ఇష్టమేనా అంటే నిన్న యెస్ అన్నావుగా” అని ఈసారి నిదానంగా అంటూ ఒక గదిలోకి తీసుకెళ్లింది. మూల దూడంత కుక్క. ముందురోజే వచ్చిందట, ఏమీ ముట్టడం లేదట. తిండిగిన్నె నా చేతికిచ్చి తను తలుపు దగ్గర నిలబడింది. కుక్క నావైపు ఒకడుగు వేసింది. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషూ ఎగిరిపోయింది.

“బాబూ, మీరక్కడే ఉండండి. గిన్నె ఇక్కడ పెడతానండి. నన్నేమీ చెయ్యకండి” అన్నాను. (కుక్కని ‘మీరు’ అన్న మనిషి ఆ ఊరి మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.)

అది తల పక్కకి వాల్చి విని, కూర్చుంది. నేనూ గోడకి జారబడి కూర్చున్నాను. అప్పుడు చూశాను, దాని వెనక కాళ్లు వణుకుతున్నాయి. మాటలాపితే మీద పడుతుందేమోనని ఆపకుండా మాట్లాడాను. మా వీధి గురించి, రాజమండ్రి కోటిపల్లి బస్టాండు రద్దీ గురించి, ఫోన్లో అమ్మకి ‘బాగానే ఉన్నాను’ అని చెప్పే అబద్ధం గురించి. ఎప్పుడు తినడం మొదలెట్టిందో, గిన్నె సగం ఖాళీ.

“ఏం చెప్పావు దానికి?” అంది ఓనరమ్మ.

“ప్లీజ్ అన్నాను.”

“రేపు పొద్దున్నే వచ్చెయ్.”

ఇంటికొచ్చి చెబితే మా ఆయన “నాకెప్పుడూ ఇంత బతిమాలి పెట్టలేదే” అన్నారు.

ఇప్పుడు ఎంత పెద్ద కుక్కనైనా ‘ఒరేయ్’ అని పిలుస్తాను. కానీ ఇస్త్రీ నలిగిన చుడీదార్‌తో నేలమీద కూర్చుని కుక్కకి కష్టాలు చెప్పుకున్న ఆ పిల్ల గుర్తొస్తే, నవ్వు సగంలో ఆగిపోతుంది. అప్పటిదాకా ఆ ఊళ్లో ఆమె మాటలు అంత శ్రద్ధగా విన్నవాళ్లు మరెవరూ లేరు.